డాక్టరమ్మకి నేను నింపిన పన్ను

మా పళ్ళ డాక్టరమ్మ పోయారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తలుపు కొట్టింది నేనే. ఎంత కొట్టినా పలక్కపోతే పక్కవాళ్ళని పిలిచి గడియ విరగ్గొట్టించిందీ నేనే. నిద్రలో గుండె ఆగిపోయిందట. చూడ్డానికి వచ్చిన కుర్ర డాక్టరు "బాధ తెలియకుండా వెళ్ళిపోయారండీ" అన్నాడు. ఆవిడకి తెలియలేదు, సరే. మరి నాకో? ఆ మాట ఎవరూ అడగలేదు.

హుకుంపేటలో సంతకి వెళ్ళే దారిలో, చర్చి పక్కన రెండు గదుల్లో ఉండేది ఆమె ఆసుపత్రి. వెనక వాటాలో ఆమె, పక్క వాటాలో నేను. మా ఆయన పోయాక ఊడ్చి తుడవడానికని నన్ను పెట్టుకున్నారు. పెట్టుకున్న కొన్నాళ్ళకే చీపురు లాక్కుని, పళ్ళలో నింపే సిమెంట్ కలపడం నేర్పారు.

ఆ సిమెంట్ గురించి చెప్పాలి. పొడి ఒక సీసాలో, ద్రవం ఒక సీసాలో వస్తాయి. పొడి అంటే మెత్తగా నూరిన ఒక రకం గాజు. ద్రవం ఆమ్లం. "ఈ పులుపు ఆ గాజుని పైపైన కొరుకుతుంది అమ్మాయ్. గాజులోంచి ఊడొచ్చినవి పులుపుతో ముడిపడి బిగుసుకుంటాయి. ముందు కాల్షియం వస్తుంది, అది తొందర మనిషి. వెనకాల నిదానంగా అల్యూమినియం వస్తుంది. అసలు బలమంతా ఆ నిదానస్తురాలిదే" అనేవారు. నాకు యాభై దాటినా ఆమెకి నేను అమ్మాయినే. కలిపిన ముద్ద మీద మెరుపు ఉండగానే పంటికి పెట్టేయాలి, అప్పుడే పంటిని పట్టుకుంటుంది. మెరుపు పోయిన ముద్ద అందించానో, నా పని అయిపోయినట్టే. రోగి ముందే కడిగిపారేసేవారు.

ఒక సంతరోజు ఓ ముసలమ్మ పన్ను నింపించుకుని, గుమ్మం దిగగానే చుట్ట వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగేది అలాగే మరి. పచ్చి సిమెంట్‌కి ఆ వేడి తగిలితే ఇంకేముంది, లోపలి నీరు ఇగిరిపోయి పగిలింది. పై వారం సంతకి ముక్కలు కొంగున కట్టుకొచ్చింది.

"ఏటమ్మా, నీ సున్నం ఉత్తిదే!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని మళ్ళీ నింపి, పైన వాజెలిన్ పూసి, ఈసారి తానే వెళ్ళి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నారు.

"గంటసేపు సుట్ట లేకండా ఉంటే నాను సచ్చిపోనా?"

"చావవులే. నేనున్నాగా, కబుర్లు చెప్పు."

అప్పట్నుంచి అదే రివాజు అయిపోయింది. ఎవరి పన్ను నింపినా మా ఇద్దరిలో ఒకరం పక్కన కూర్చోవాలి. "మొదటి రోజు అది చంటిపిల్ల. తడి ఎక్కువైతే కరుగుతుంది, ఆరిపోతే పగులుతుంది. ఒంటరిగా వదలకూడదు" అనేవారు.

మొన్న వానాకాలంలో ఆమె పన్నే పుచ్చింది. కింది వరసలో, కోరపన్ను పక్కది, చిగురుకి ఆనుకుని. విశాఖపట్నం వెళ్ళమని పోరాను. ఘాట్ రోడ్డు మలుపులకి తన గుండె తట్టుకోదన్నారు. "నువ్వే నింపు" అన్నారు.

"అమ్మా, నానేటి సేయగల్ను! కలపడమే గానీ పెట్టడం నాకేటి తెల్సు?"

"ఇన్నేళ్ళూ చూశావుగా. ఈ కొండల మీద నాకు ఇంకో పళ్ళ డాక్టరు ఎవరున్నారే?"

అద్దం తానే పట్టుకుని కూర్చున్నారు. నోరు తెరిచాక మాటల్లేవు, కనుబొమ్మలతోనే తిట్టారు. చెంచాలాంటి చిన్న పనిముట్టుతో మెత్తబడిన పుచ్చంతా గీకి, సిమెంట్ పెట్టి, వేలితో అదిమాను. తీరా చూస్తే సుద్దముక్క అంటించినట్టు తెల్లగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"నేనేమైనా అందాల పోటీకి వెళ్తున్నానా?" అన్నారు. "దాని పని ఇంకా అవలేదు. ఇప్పుడు గట్టిపడింది పై మాటకే. రేపటికి ఇంకొంచెం, నెలలు గడిచేకొద్దీ ఇంకా. ఎమ్మి లోంచే నీళ్ళు తాగుతూ, లోపల్లోపల బిగుస్తూ ఉంటుంది. ఆ తెలుపు కూడా పోతుంది."

ఎమ్మి అంటే ఉమ్ము. మా దగ్గర ఉండీ ఉండీ ఆ మాట పట్టుబడింది ఆమెకి.

ఆ గంటా ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఒకటే వాన. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. "ఇన్నేళ్ళూ అందరి పక్కనా నేను కూర్చున్నాను. నా పక్కన ఒకళ్ళు కూర్చోవడం ఇదే మొదలు అమ్మాయ్" అన్నారు. ఆమెకి ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు. అది ఎప్పుడూ పైకి అనుకోలేదు మేము.

మర్నాటి నుంచి నాకు అదే ధ్యాస. నిలిచిందా, ఊడిందా? చూపించమంటే చూపించరు. "పెట్టినవాళ్ళు రోజూ గెలికితే ఏ సిమెంటూ నిలవదు, పో" అని కసిరేవారు. కానీ అన్నం తినేటప్పుడు కనిపెడుతూనే ఉన్నాను, ఎడమవైపే నమిలేవారు. నేను నింపింది కుడివైపు. ఊడిపోయే ఉంటుంది, నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక దాస్తున్నారు అనుకున్నాను. చలికాలం వచ్చినా ఎడమవైపే. ఆ దిగులు నన్ను తినేసింది.

ఆవిడ పోయిన రోజు ఒళ్ళు కడిగి చీర మార్చాక, దవడ జారకుండా గుడ్డ కట్టే పని నాకు అప్పగించారు. మిగతా ఆడవాళ్ళు బయటికి వెళ్ళారు. ఒక్కదాన్నే మిగిలాను. నోరు తుడుస్తూ కింది పెదవి కొంచెం దించాను. తెలుపు కనిపించలేదు. అయ్యో, ఊడిపోయిందే అనుకున్నాను. గోటితో చిగురు వెంట గీసి చూశాను. గుంట లేదు. అంచు లేదు. మళ్ళీ గీశాను. పన్ను ఎక్కడ అయిందో, నా సిమెంట్ ఎక్కడ మొదలైందో గోటికి తెలియలేదు, కంటికీ తెలియలేదు. అంతా ఒకటే రంగు.

ఇంత గట్టిది పెట్టుకుని ఎందుకమ్మా ఎడమవైపే నమిలారు? నేను పెట్టానని అరిగిపోకుండా దాచుకున్నారా? అడుగుదామంటే మనిషి లేరు.

"అయిందేటమ్మా? బేగి కట్టు, దవడ బిగుసుకుపోద్ది" అని బయటి నుంచి ఎవరో కేకేశారు.

ఆ పంటి మీంచి వేలు తీయబుద్ధి కాలేదు నాకు.