ఇసకలో వల కోసిన వీరుడు

నేనొకసారి తాబేళ్ళను కాపాడబోయి వాటి వంశాన్నే నిర్మూలించబోయాను. అప్పుడే నవ్వకండి, అసలు కథ ఇంకా చెప్పలేదు.

తొంభైల చివర్లో తిరుపతిలో చదువుకునే రోజులవి. సముద్రపు తాబేళ్ళు వలల్లో చిక్కి చస్తున్నాయని పేపర్లో చదివి నా రక్తం మరిగింది. సముద్రం చూసింది లేదు, ఈత వచ్చింది లేదు, అయ్యగారు సముద్రజీవుల రక్షకుడు! నా రూమ్మేటు బాషాను లాక్కుని నెల్లూరు వైపు బస్సెక్కాను. సంచిలో కూరగాయలు తరిగే కత్తి.

"అది యాలరా?" అన్నాడు బాషా.

"వలలు కోసేదానికి. మనం సీమోళ్ళం. మాటల్తో పని యాడ అవుతాది?"

"మనది చిత్తూరు జిల్లా సామీ. మనకు కోపమొస్తే అన్నం తినకుండా పండుకుంటాం, అంతే. ఆ జాలరోళ్ళతో కూర్సోని మాట్లాడదాం పా."

సముద్రం ఒడ్డున బస్సు దిగాక వాడు మాట్లాడటానికి జాలర్ల పల్లెలోకి పోయాడు. నేను ఒడ్డు పట్టుకుని నడిచాను. ఒకచోట ఇసకలో కర్రలు పాతి, చుట్టూ వల కట్టి ఉంది. కాపలా ఎవరూ లేరు. అంతే, సొరకాయ తరిగినట్టు పరపరా కోసేశాను.

ఒక అవ్వ అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు కోసినావయ్యా?"

"తాబేళ్ళను సంపుతా ఉంటే సూస్తా ఉండాలా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఇసకలో ఎవురన్నా చేపలు పడతారా నాయనా? లోపల తాబేలు గుడ్లుండాయి. కుక్కలు తవ్వకుండా మేమే కట్టినాం."

పిలిచినట్టే కుక్కలు కూడా వచ్చాయి! అవ్వ వల కుట్టినంతసేపూ నేనే వలనై, చేతులు చాపి, ఎండలో గుడ్ల చుట్టూ గిరగిరా తిరిగాను. ఒక కుక్క నా చెప్పు ఎత్తుకుపోయింది. పోతే పోయిందిలే, గుడ్డు కాదు కదా!

గుడిసె నీడలోంచి బాషా కేకేశాడు. "వల్లో తాబేలు పడితే ఇడిసిపెడతామన్నార్రా! మాట్లాడితే సరిపాయె. చేపల పులుసు బలే ఉండాది, శాంతియుతంగా తింటా ఉండా!"

పొద్దు వాలుతుండగా ఇసక కదిలింది. అరచేతిలో పట్టేంత పిల్లలు, ఒకదాని మీదొకటి దొర్లుకుంటూ బయటికొచ్చాయి. అవ్వ వల ఎత్తింది. కాకులు వాలకుండా నేను తువ్వాలు విసురుతూ నీళ్ళదాకా వాటి వెంట నడిచాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

అందుకే ఏడుకొండల వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. మూగజీవాల మీద ఎంత ప్రేమ పొంగినా సరే, ముందు అక్కడివాళ్ళను పలకరిస్తాను, వాళ్ళు పెట్టింది కడుపునిండా తింటాను, ఆ తర్వాతే కోపం తెచ్చుకుంటాను. తిన్నాక ఎలాగూ నిద్రొస్తుంది.