పౌర్ణమి పోటుకి రావలసిన ఓడలు

నా పెళ్లికి శత్రుదేశపు నౌకాదళాన్ని పిలిచింది నేనే. శుభలేఖ ఒక్కటే పంపలేదు. దిగవలసిన రేవు, రావలసిన రోజు మాత్రం ఊరూరా చాటించాను. ఆ పిలుపుతో పెళ్లి ఎలా మునగబోయిందో చెబుతాను. నవ్వు వస్తే మొహమాటపడకండి, మా ఆవిడ ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది.

అరవై రెండులో చైనా యుద్ధం వచ్చింది. నేనప్పుడు నందిగామ దగ్గర ఒక పల్లెలో బడిపంతుల్ని. ఆదివారాలు జగ్గయ్యపేటలో మా సంఘానికి సండేస్కూలు నడిపేవాణ్ణి. సాయంత్రమైతే పంచాయతీ రేడియో ముందు ఊరంతా చేరేది. చుట్టల పొగ, పిల్లల గోల, వాటి మధ్య వార్తలు చదివే ఆ గంభీరమైన గొంతు! యుద్ధం మంచుకొండల్లో జరుగుతోందని ఆ గొంతు రోజూ చెప్పేది. నాకది నచ్చేది కాదు. బైబిలు ప్రవచనంలో అంత్యదినాల మృగం సముద్రంలోనుంచి పైకి వస్తుంది, ఆ మృగం చైనాయేనని నా లెక్క. మంచుకొండలు దిగి వచ్చే మృగం నాకు ఎక్కడా కనబడలేదు. కాబట్టి పొరపాటు రేడియోదేనని తేల్చేశాను.

ఆ గురువారం ఇంటి ప్రార్థన కూడిక సంతోషమ్మ పెద్దమ్మ వసారాలో జరిగింది. ఆవిడ నాకు వరసకు పెద్దమ్మ, సంఘానికి అధికారంతో పెద్దమ్మ. ప్రసంగం మధ్యలో అడ్డుప్రశ్న వెయ్యడం ఆవిడకు దేవుడిచ్చిన వరం. లాంతరు వత్తి పెంచి, నేను ఆ మృగం సంగతి ఎత్తుకున్నాను.

"ఏరా దేవదానం, మనకాడ సముద్రమెక్కడుందిరా? మునేరుంది గానీ" అంది పెద్దమ్మ.

"బందరు రేవుంది కదా పెద్దమ్మా! చైనా ఓడలు అక్కడే దిగుతాయి."

"ఓరి నాయనో, మీ అత్తారి ఊరే!"

"అక్కణ్ణించి బెజవాడ, నందిగామ, ఆ తర్వాత మన పేట. రోడ్డు తిన్నగా ఉంది."

"ఇంతకీ ఎప్పుడొస్తారంటావ్?"

చూశారా, 'తెలియదు' అంటే అక్కడితో పోయేది. కానీ పెళ్లీడు సండేస్కూలు పంతులికి ఆ మాట నోరు తిరుగుతుందా?

"బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ పెద్దమ్మా. పెద్ద ఓడ ఒడ్డుకి రావాలంటే పెద్ద పోటు ఉండాలి. పెద్ద పోటు పౌర్ణమికి వస్తుంది. వచ్చే పౌర్ణమికే చూస్కో!"

ఓడా లేదు, జాడా లేదు, దాడి మాత్రం పౌర్ణమినాడు! వసారా అంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది. ఆ స్తోత్రం నా తలకి తాటికల్లులా ఎక్కింది. కల్లు ముట్టని వంశం మాది, అయినా పోలిక అదే కుదిరింది. మర్నాటినుంచి నందిగామ చుట్టాలకి చెప్పాను, బడి పిల్లలకి చెప్పాను, బస్సులో పక్క సీటువాడికి అడక్కుండానే చెప్పాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. బందరు అమ్మాయి సుగుణతో నాకు పెళ్లి నిశ్చయమై ఉంది. పెద్దలు పెట్టిన తారీకు నాకు కంఠతా వచ్చు. తారీకు ఒక్కటే వచ్చు. తిథులు విశ్వాసికి తగవని మా ఇంట్లో తెలుగు క్యాలెండరుని గోడవైపు తిప్పి పెట్టిన భక్తుణ్ణి నేను. మా పెద్దలు కూడా ముహూర్తాలు చూడరు. కానీ వెన్నెల చూస్తారు! కరెంటు లేని ఊళ్లు, ఆరుబయట బంతి భోజనాలు, బండ్ల మీద తిరుగు ప్రయాణాలు. అందుకని మావాళ్ల పెళ్లిళ్లన్నీ పున్నమికే జరిగేవి. సంఘంలో ఈ సంగతి తెలియనివాడు ప్రవచనాలు చెప్పేవాడొక్కడే.

మా దగ్గర పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానావాడికి ఫలానా అమ్మాయితో వివాహం, అభ్యంతరమున్నవాళ్లు లేచి చెప్పండి అంటారు. ఎవరూ లేవరు. లేవరనే ధైర్యంతోనే అడుగుతారు. మూడో ఆదివారం మా కాబోయే మామగారు బందరునుంచి వచ్చి, ఇస్త్రీ కండువాతో ముందు వరసలో కూర్చున్నారు. మా పాస్టరు అయ్యగారు ప్రకటన చదివి, అలవాటుగా తలెత్తారు.

"ఉందండి అయ్యగారూ" అంటూ సంతోషమ్మ పెద్దమ్మ లేచింది.

అయ్యగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. "ఏమిటమ్మా? అబ్బాయికి ముందే పెళ్లయిందా?"

"వాడి మొహానికి ఒకటవడమే గొప్ప! పెళ్లిరోజు పున్నమండి. పున్నమికి చైనా ఓడలు బందర్లో దిగుతాయని వీడే చెప్పాడు. మేం వెళ్లేది పెళ్లికా, యుద్ధానికా?"

మామగారు వెనక్కి తిరిగారు. "ఏమయ్యా, మా ఊరికి ఓడలు తెప్పిస్తున్నావా?"

"అంటే... ఆ పౌర్ణమి కాకపోవచ్చండి. తర్వాతి పౌర్ణమి అయ్యుండొచ్చు."

"అప్పటికి మా అమ్మాయి క్రిస్మసుకి పుట్టింటికొచ్చి ఉంటుంది. అంతా లెక్క చూసే పెట్టావన్నమాట!"

కొండల్లో ఉన్న శత్రువుకి సముద్రం చూపిస్తే ఉన్న పెళ్లి ఊడినట్టయింది నా పని.

అయ్యగారు కళ్లజోడు తీశారు. "దేవదానం, ఆ దినమూ ఆ గడియా దేవుడికే తెలుసని నువ్వే కదా పిల్లలకి నేర్పేది? ఓడలు వస్తాయంటే చెప్పు, ఈ పెళ్లి ఆపేస్తాను. రావంటే అదీ సంఘం ముందే చెప్పు."

ఒకవైపు ప్రవక్త హోదా. ఇంకోవైపు సుగుణ. ఆమెను నేను చూసింది ఒక్కసారే, మంచినీళ్లు తెచ్చినప్పుడు. సిగ్గుతో గ్లాసునే చూస్తూ కూర్చున్నాను. గ్లాసు పట్టుకున్న ఆ చెయ్యి, ఆ చేతికున్న రెండు మట్టిగాజులు ఇప్పుడు కళ్లముందుకొచ్చాయి.

"రావండి" అన్నాను.

"వెనకవాళ్లకి వినబడాలి."

"ఓడలు రావండీ!"

మామగారు "ఆమేన్" అన్నారు. సంఘమంతా అంది. అంది కానీ నమ్మలేదు. వస్తాయంటే ఒక్క కూడికతో నమ్మినవాళ్లు, రావంటే ససేమిరా నమ్మలేదు.

పెళ్లికి బస్సు మాట్లాడాం. పేటలో అమ్మ, నాన్న, నేను, అయ్యగారు, సంతోషమ్మ పెద్దమ్మ ఎక్కాం. నందిగామలో చుట్టాలంతా రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నారు. ఒక్కరూ ఎక్కరే!

"రండి బాబాయ్!"

"మీ పిన్నికి నడుం నొప్పిరా."

"పిన్ని ఉండనీ, మీరు రండి."

"నేనొస్తే దాని నడుం ఎవరు పడతారు? నిబ్బరంగా ఉండరా అబ్బాయ్. దేవుడు నీకు తోడుంటాడు!"

సరిహద్దుకి సైనికుణ్ణి సాగనంపినట్టు కళ్లొత్తుకుంటూ చేతులూపారు. ఖాళీ బస్సు గలగలలాడుతూ కదిలింది.

"అభ్యంతరం పెట్టినదానివి, నువ్వెందుకొస్తున్నావ్ పెద్దమ్మా?" అన్నాను ఉక్రోషంగా.

"రాకపోతే ఎట్టారా? ఆ మృగం ఎట్టుంటదో నేను చూడొద్దూ!"

బందరులో పెళ్లి జరిగింది. ఆనాటి వెన్నెల అంత తెల్లటి వెన్నెల మళ్లీ నేను చూడలేదు. మావాళ్ల కోసం పరిచిన ఖాళీ చాపల మీద అది పాలు ఒలికినట్టు పడింది. నాలుగు వేటపోతుల మాంసం గంగాళాల్లో పొగలు కక్కుతోంది. మామగారు ఆ చాపలవంక చూశారు, గంగాళాలవంక చూశారు, చివరికి నావంక తిరిగారు.

"అల్లుడుగారూ, ఓడలు రావని చెప్పారు, రాలేదు. పెళ్లివారూ రారని ఆ నోటితోనే చెప్పి ఉంటే రెండు వేటలు తగ్గించేవాణ్ణి కదండీ!"

పక్కన తలవంచుకుని కూర్చున్న పెళ్లికూతురు ముసుగులోనే ఫక్కున నవ్వింది. గుడిలో ప్రమాణాలు గొణిగేసిన ఆమె గొంతు నాకు సరిగా వినబడింది అప్పుడే.

ఆ పందిట్లోనే, దేవుడి ఎదుటా రెండు వేటల ఎదుటా ప్రమాణం చేశాను. యుద్ధం కానీ, వాన కానీ, మరేదైనా కానీ, అది వచ్చే వేళ నా నోట రాదు. నేటికీ ఎవరైనా పేట బస్సు ఎన్నింటికని అడిగితే "ప్రభువు చిత్తం" అంటాను. ఆ బస్సు గురించి ఇంతకన్నా సత్యమైన మాట కండక్టరు కూడా ఎప్పుడూ చెప్పలేదు.