రంగు కారం

చాలా ఏళ్లుగా ఒక కోడికూరను మోస్తున్నాను. చెబితే నవ్వుతారని తెలుసు. నవ్వించడం నాకు అలవాటే. ఇన్నాళ్లూ చెప్పకపోవడానికి కారణం మీరు నవ్వుతారని కాదు, నవ్వడం ఆపాక ఏమంటారోనని.

హైదరాబాద్‌లో రాళ్లగుట్టలు అద్దాల మేడలవుతున్న రోజులవి. తోటివాళ్లంతా అటు పోతుంటే నేను బీదర్ వచ్చాను, నౌబాద్‌లో ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి. సీసాలో ఉన్నదీ సీసా మీద రాసిందీ ఒకటేనా అని చూడటం నా పని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

తెలంగాణ నుంచి వచ్చినవాళ్లం అక్కడ పాతికమందిమి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా అద్దె ఇంటి డాబా మీద కారం విందు పెట్టాను. ఎవరి వంట వాళ్లు చేసి తేవాలి. కళ్లలో నీళ్లు తెప్పించనిది మెట్లెక్కకూడదు. ఆ ఆలోచన నాది. ఇప్పటికీ దాని గురించి గర్వమే. తప్పు ఒప్పుకుంటూ గర్వమేమిటంటారా? ఉంది మరి. దాచడం మానేద్దామనే కదా కూర్చున్నాను.

ప్యాకింగ్‌లో పనిచేసే శాంతక్కనూ పిలిచాను. ఆమెది బీదర్ జిల్లాలోనే కుశనూర్ అనే ఊరు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఆమె మాటల్లో కన్నడం దొర్లితే మావాళ్లు నవ్వేవారు, అందరికంటే ఎక్కువగా నేను. పిలిచిన రోజే ఆమె ఒక సంగతి చెప్పింది. పెళ్లికాని కుర్రాళ్లు ఎనిమిదిమంది మధ్యాహ్నం క్యారియర్ పంపే ఇల్లు వెతుకుతున్నారు. విందులో తన కూర నచ్చితే ఆ పని తనకే ఇస్తామన్నారట. పొద్దంతా నిలబడి లేబుళ్లు అంటించే కాళ్లకు కాస్త విశ్రాంతి. అంటే నాకు ముందే తెలుసు. తెలియదని రాయాలని రెండుసార్లు అనిపించింది.

ఇక నా కూర. ముందురోజు మిరపపొడికి వెళితే దుకాణదారు "ఖారద్దా, బణ్ణద్దా?" అన్నాడు. నాకు వచ్చిన కన్నడం నాలుగు మాటలు, పొగరు నలభై మాటలకు సరిపడా. బణ్ణ అంటే ఏదో మేలురకం అనుకుని "బణ్ణద్దే" అన్నాను. కన్నడంలో బణ్ణ అంటే రంగు. కూర నిప్పులా ఎర్రగా వచ్చింది. రుచి చూస్తే, జ్వరంతో ఉన్నవాళ్లకు నిర్భయంగా పెట్టొచ్చు.

అప్పటికే జనం డాబా ఎక్కుతున్నారు. శాంతక్క తన గిన్నె మా వంటింట్లో పెట్టి, జంఖానాలు పరవడానికి పైకి వెళ్లింది. ఆమెదీ కోడికూరే. చెంచాతో చూశాను. చెవులు వేడెక్కాయి, ముక్కు కారింది.

రెండూ స్టీలు గిన్నెలే, అంచున పేర్లు చెక్కినవి. ఒకదాని మీద నా పేరు, రెండోదాని మీద శాంతమ్మ. కూరలు మార్చడానికి మూడో గిన్నె కావాల్సి వచ్చింది. పని అయ్యాక దాన్ని కడిగి బోర్లించాను కూడా. పచ్చిమిరపకాయలు లేవా? ఉన్నాయి, చేతికందేంత దూరంలో. మోసపోయానని చెప్పి అందరినీ నవ్వించలేనా? అంత తేలికైన హాస్యం జీవితంలో మళ్లీ దొరకలేదు. మరెందుకు చేశాను? ఆ పూట అందరికంటే ఘాటుగా కనబడాలనిపించింది, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఇన్నేళ్లూ నాలోనే వెతుక్కున్నాను, లేదు.

విందు అదిరింది. పండుమిరప తొక్కు, పుంటికూర, తలకాయ కూర, ఒకదాన్ని మించి ఒకటి. నా గిన్నె ముందు వరుస కట్టారు, మీసాలవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. శాంతక్క గిన్నె దగ్గర రవి, ఆ ఎనిమిదిమందిలో ఒకడు, ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఇదేందక్కా, పాయసం లెక్కుంది! ఇగ నువ్వు సప్పక్కవే."

శాంతక్క తన గిన్నెలోది తిన్నది. తర్వాత నా గిన్నెలోది. నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, కారం నువ్వే దంచినవా?"

"నేనే దంచిన."

"మరి చేతులు మండుతలేవా? నాయి నిన్నటి సంది మండుతున్నయ్."

అరచేతులు చూపించింది. ఎర్రగా ఉన్నాయి. అందరూ నావైపే చూస్తున్నారు.

"మా చేతులకు అలవాటేనక్కా. మంటలన్నీ సప్పటోళ్లకే."

డాబా డాబా అంతా నవ్వింది. ఆమె కూడా, కొంచెం. నేను వేసిన జోకుల్లో బాగా పేలింది అదే. ఆమె దాదాపు నిండుగానే ఉన్న గిన్నె మీద మూత పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

క్యారియర్ పని ఆమెకు రాలేదు. సప్పక్క అన్న పేరు వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అలాగే పిలిచేవాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఆమె లేబుళ్లు అంటించింది, నేను తనిఖీ చేశాను. ఒక్క తప్పూ దొరకలేదు. దొరికితే బాగుండునని వెతికిన రోజులున్నాయి. ఎందుకో మీకు తెలుసు. తర్వాత ఆమె పని మానేసింది. ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. అడిగితే వెళ్లాల్సి వస్తుంది.

ఆ విందును మావాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. తలుచుకున్నప్పుడల్లా నా ఛాతీ కాస్త పొంగుతుంది. ఆ వెంటనే, ఎవరూ చూడకుండా, అరచేతులు చూసుకుంటాను. చల్లగా ఉంటాయి.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, కూర మీది కాదు. ఉద్యోగంలో తప్పు లేబుల్ కనబడితే చించి, సరైనది అంటించేవాణ్ణి. ఇదొక్కటి మిగిలిపోయింది. ఆ ఆదివారం అందరినీ ఏడిపించిన కూర శాంతక్కది.

చప్పటిది నాది.