అద్దాల బిల్డింగులో అక్క హిస్సా

మా పెద్ద యారాలు, నేను అక్కా అని పిలిచే తోటికోడలు, పోయిందని ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కామారెడ్డిలో మా దుకాణాల మడిగెల స్లాబు మీద ఉన్నాను. వానకు మళ్లీ కారుతోందని, కిరాయికున్న టైలర్ పొద్దున్నే పిలిచాడు. ఏడుపు కన్నా ముందు నాకు తోచిన మాట ఇది: అక్కకు పోయేటప్పుడు కూడా ఈ స్లాబు బాధ లేదు.

మా మామ పోయాక రోడ్డు మీది మడిగెలు మా రెండిళ్లకూ సమానంగా వచ్చాయి. నేను నా వంతు హిస్సా పట్టుకుని కూర్చున్నాను. అక్క అమ్మేసింది. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కొని, వాటి కిరాయిని యూనిట్లు కొన్నవాళ్లకు పంచే ఒక ట్రస్టులో ఆ సొమ్ము పెట్టింది.

"జాగ ఇచ్చి కాగితాలు కొంటివా అక్కా?" అని నవ్వాను.

"కాగితం కారదు గదనే," అంది.

నా నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. జనమంతా ఫోన్లలోనే కొంటున్నారని చెప్పుల దుకాణం ఆయన ఖాళీ చేశాడు. పక్క మడిగె ఆయన కిరాయి తగ్గించమని కూర్చున్నాడు. పన్నులు, కరెంటు మీటర్ల గొడవ, తుప్పు పట్టిన షట్టర్లు. వీటితో నేను కొట్టుకుంటుంటే అక్కకు బ్యాంకులో చప్పుడు లేకుండా పైసలు పడేవి. మధ్యలో ఆఫీసుల వాళ్లంతా ఇంటి నుంచే పని చేస్తున్నారని ఆ యూనిట్ల ధర పడిపోయింది. నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది. పరామర్శకు పోయినట్టే పోయాను.

"పడ్డది లేస్తది. లేవకుంటె గంతే," అని ఆమె మక్కకంకులు ఒలుచుకుంటూ కూర్చుంది. ఆ నిమ్మళం చూసి ఇంకా కుళ్లుకున్నాను.

ఒకసారి తన బిల్డింగు చూడాలంది. ఇద్దరం కామారెడ్డిలో రైలెక్కి పోయాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఇందుల నాది గూడ హిస్సా ఉన్నది కొడుకా."

"ఏ ఫ్లోరమ్మా?"

అక్కకేం తెలుసు? తల ఎత్తి ఆ అద్దాల గోడ వైపు చూసి నవ్వేసింది. "అగో, ఆ కిటికి నాదనుకో చెల్లె. ఎండ మంచిగ పడుతున్నది."

నా సొంత గోడను నేనెన్నడూ అంత మురిపెంగా చూడలేదు.

తిరుగు రైల్లో అక్క నా వైపు తిరిగింది. "నీకే నయ్యం," అంది. "కిరాయిదార్లు తిట్టనీకైన నిన్ను పేరు వెట్టి పిలుస్తరు. నాకు కిరాయి వస్తది, మనిషి రాడు."

అక్కకు నా మీద ఈర్ష్య! ఎవరికీ చెప్పకుండా చాలా రోజులు ఆ మాట తలుచుకుని మురిశాను.

ఆమె మాత్రం అక్కడ ఆగలేదు. ఎల్లారెడ్డిలో తన వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లను తన అరుగు మీదికి పిలిచింది. "గాలి మంచిగొస్తది, రాండ్రి," అనేది. తనూ ఒక చాట ముందేసుకుని ఆకు కత్తిరించేది. వాళ్ల నవ్వులు వీధి మలుపు దాకా వినిపించేవి.

అక్క దినాలకు ముందురోజు పోయేసరికి వాళ్లంతా అరుగు మీదే ఉన్నారు. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. నడుమ అక్క కూర్చునే చోట ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, అటూ ఇటూ ఇరుకిరుకుగా కూర్చున్నారు. ఖాళీ మడిగెలు చూసి చూసి అలవాటైన నాకు, ఒకరి కోసం ఉంచిన ఖాళీ కొత్త. ఒకామె తన చాట పక్కకు జరిపి, "రా అక్కా, గీడ కూసో," అంది.

నాకు అక్కడ కూర్చోవాలనే ఉండింది. చెప్పులు విడిచాను గానీ, అక్క హిస్సాలో కూర్చోవడానికి మనసొప్పక మెట్టు మీదే నిలబడిపోయాను.