పాలకాయతిప్పలో తారు పట్టిన వల

పొద్దున ఆరుంబావుకి బెజవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. సముద్రపు ఒడ్డునున్న పాలకాయతిప్ప నుంచి నాంచారయ్య కబురు పంపాడు. అతని వలకు ఓడల తారు పట్టిందట. కేసు వెయ్యాలంటే వలను ముట్టుకోకుండా ఉంచాలని ఎవరో చెప్పారట. అలాగే ఉంచాలా, తారు పట్టిన భాగం కోసెయ్యాలా అని అడిగాడు. నేను వకీలును, ఓడల చట్టం కొంత చదివాను. పైగా ఆ తిప్ప ఒకప్పుడు మా ఎస్టేటులోది. అక్కడి నుంచి మా ఇంటికి కబురు వస్తే వెళ్ళకపోవడం మా ఆనవాయితీ కాదు.

చల్లపల్లి దాటాక పక్క సీటాయన ఊరూ ఇంటిపేరూ అడిగాడు. చెప్పాను.

“అక్కడి జమీందారుగారి మేడ మీదేనాండీ? ఇప్పుడు ఫంక్షన్ హాలు కదా. మా మేనకోడలి పెళ్ళి అందులోనే చేశాం. ఏసీలు సరిగా పనిచెయ్యలేదండీ.”

అది మాది కాకుండా పోయి చాలాకాలమైందని చెప్పి కిటికీవైపు తిరిగాను.

వెళ్ళదలచినవారు అవనిగడ్డలోనే టిఫిన్ చెయ్యండి. కోడూరు దాటితే నమ్మకం లేదు. కోడూరు నుంచి షేర్ ఆటో. రొయ్యల చెరువులు, మడచెట్లు, ఆ తర్వాత ఇసుక. పదకొండున్నరకు చేరాను. ఒడ్డు పొడవునా నల్లటి ముద్దలు.

వల పాక నీడలో కుప్పగా పడి ఉంది. నడుమ భాగమంతా తారుతో గడ్డకట్టింది. చేపలు పడే రోజులివి. నాంచారయ్య మాత్రం పక్కవాళ్ళ వల లాగడానికి కూలికి పోతున్నాడు.

“దీనికి చట్టం లేదాండీ?” అన్నాడు.

ఉందని చెప్పాను. ఓడలు నూనె మడ్డిని సముద్రంలో వదలకూడదని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఇంజను గదిలో చేరిన నీటిని వడకట్టాకే వదలాలి, మిగిలిన మడ్డిని రేవులో అప్పగించాలి. తప్పితే ఆ ఓడ ఏ దేశపు జెండా కట్టుకుందో ఆ దేశం శిక్షించాలి. మన నీళ్ళలో చేస్తే మనమూ పట్టుకోవచ్చు. కానీ ముందు ఏ ఓడో తెలియాలి.

“జెండాని బట్టి ఓనర్ని పట్టుకోలేరా?”

“జెండా ఒక దేశానిది, ఓనరు ఇంకో దేశంవాడు. ఆ జెండా దేశంలో వాడు కాలు కూడా పెట్టి ఉండకపోవచ్చు.”

చేపలు ఎండబెడుతున్న అతని తల్లి తలెత్తకుండానే అంది. “అయితే ఆ ఓడా తమలాంటిదేగా దొరగారూ. పేరు తమది, నేల ఇంకోళ్ళది.”

“ఊరుకోవే అమ్మా,” అని నాంచారయ్య నావైపు తిరిగాడు. “మీరు సంతకం పెడితే కేసు కదులుద్దని మావోళ్ళంతా అంటున్నారండీ. ఉంచమంటే ఇంకో నెలైనా ఉంచుతా.”

మా తాతగారైతే ‘నేను చూసుకుంటాను’ అనేవారు. ఆ రోజుల్లో ఆ మాట చాలేది. ఓడ తెలిస్తే ఈ తారును దాని నూనెతో పోల్చి చూడవచ్చు. తెలియనప్పుడు దీన్ని ఎన్నాళ్ళు దాచినా ఇది సాక్ష్యం కాదు, వలా కాదు.

“కోసెయ్యి,” అన్నాను. “ఒక ముక్క సీసాలో పెట్టివ్వు. ఫిర్యాదు నేను రాస్తాను. దానిమీద మాత్రం ఆశ పెట్టుకోకు.”

అతను కత్తి తెచ్చాడు. తల్లి లేచి వచ్చి రెండో కొస పట్టుకుంది. నడుమ పోగా మిగిలిన రెండు ముక్కలనూ కలిపితే పొట్టి వల అవుతుంది, లోతుకు అందదు. అయినా నాకు అన్నం పెట్టారు.

నాలుగింటికి అవనిగడ్డలో తిరుగు బస్సు దొరికింది. ఒడ్డు నుంచి చూస్తే దూరాన ఓడలు కనిపిస్తాయి గాని, వాటి పేర్లు చదవడం ఎవరి తరమూ కాదు. ఈ యాత్రలో నాకు తెలిసింది అంతే.

కండక్టరు నా ఒళ్ళోని సీసా చూశాడు. “పచ్చడాండీ? నూనె కారితే సీటు పాడైపోద్ది, ఊరుకోను.”

మూత బిగించి, సీసాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.