డంప్ తెరవకముందు ఎవరి పేరూ చెప్పకూడదు

నిన్న పొద్దున టీ తాగుతుంటే మిల్లు నుంచి ఫోన్. "రంగసామన్న పోయినాడు. గుండె."

నవ్వాను. ఇన్నేళ్లు నేను ఏడిపించినందుకు అన్న బదులు తీర్చుకుంటున్నాడు అనుకున్నాను. "సుమ్మా, ఊరికే చెప్పినాంరా" అంటారని ఫోన్ పట్టుకునే నిలబడ్డాను.

ఎవరూ అనలేదు.

అన్న సూలూరులో మా మిల్లు కంప్యూటర్లన్నీ చూసేవాడు. నేను ఒకసారి ఆయన స్క్రీన్ నిండా, కంప్యూటర్ పడిపోతే వచ్చే బ్లూ స్క్రీన్ ఫోటో పెట్టి, తలుపు వెనక దాక్కున్నాను. ఆయన కంగారుపడలేదు. ఏవో రెండు ఫోల్డర్లు వెతికి, అక్కడి నుంచే పిలిచాడు.

"డేయ్ కన్నా, బయటికి రా డా. కంప్యూటర్ నిజంగా పడితే ఎందుకు పడిందో డంప్ ఫైల్లో రాసిపెట్టి పడుతుంది. ఈడ డంప్ లేదు. అంటే నువ్వుండావు."

తర్వాత లారీలకు బిల్లులు కొట్టే లోడ్ ఆఫీసు కంప్యూటర్ నిజంగానే పడింది. ఒకే రోజు మూడుసార్లు. బయట లారీ నిలబడి ఉంది. అందరి వేళ్లూ నా మీదికే. మిల్లు ఓనర్ ముదలాళి "వీడే, వేరే ఎవడు? పంపించేయండి" అన్నాడు. ఒట్టు పెట్టాను. నా ఒట్టు ఎవడు నమ్ముతాడు?

అన్న మాత్రం, "డంప్ తెరవకముందు పేరు చెప్పకూడదు సార్. ఒక గంట ఇయ్యండి" అన్నాడు.

నల్ల విండో తెరిచి ఒక కమాండ్ కొట్టాడు. గజిబిజి ఇంగ్లీషు బారుగా దిగింది. చివర విండోస్ సొంత ఫైల్ పేరే వచ్చింది. "దొరికిందా?" అన్నాడు ముదలాళి.

"ముందు కనిపించినోడు దొంగ కాదు సార్. అదే 'బహుశా' అంటా ఉండాది చూడండి. వాడ్ని తోసినోడు కింద ఉంటాడు."

ఒక్కో లైనూ కిందికి దిగాడు. మూడు డంపుల్లోనూ ఒకటే పేరు. కొత్తగా పెట్టిన లేబుల్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్. తీసేశాడు. కంప్యూటర్ నిలబడింది. నా ఉద్యోగమూ నిలబడింది.

దండం పెట్టబోతే, "పో డా. డంప్ రాని జోకులు మాత్రం చేసుకో" అన్నాడు.

ఆ రోజు నుంచి పక్కన కూర్చోబెట్టి కమాండ్లు నా నోట్‌బుక్కులో రాయించాడు. నాది ఎనిమిదో క్లాసు ఇంగ్లీషు. చూసి కొట్టడమే.

పోయిన వారం రంగులు వేసే డైయింగ్ సెక్షన్ కంప్యూటర్ పడింది. కొత్తగా చేరిన మేరీ మీద పడ్డారు. "ఆ పిల్లే ఏదో నొక్కింది" అట. సోమవారం తీసేస్తారట. అన్న ఆ డంప్ పెన్ డ్రైవ్‌లో వేసి నా చేతిలో పెట్టాడు. "శనివారం ఇద్దరం చూద్దాం కన్నా" అన్నాడు.

ఈ రోజే శనివారం.

మిల్లు పెద్దమనుషులారా, నేను ఇక్కడ రాసేది మీరు చదువుతున్నారని తెలుసు. సోమవారం దాకా మీ వేళ్లు జేబులో పెట్టుకోండి. నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అర్థం కాకపోతే మళ్లీ మొదటి నుంచి చదువుతాను. మేరీ పేరు దగ్గర ఆగను. కిందికి దిగుతాను.

నిజంగా ఆ పిల్లే నొక్కి ఉంటే, అదీ నేనే చెప్తాను. అన్న నేర్పింది అంతే.

పోయిరా అన్నా. నీ స్క్రీన్ మీద ఇంక ఎవడూ నీలం బొమ్మ పెట్టడు.

ప్రశాంతంగా పడుకో. ఈ డంప్ నేను చూస్తాను.