మెత్తబడ్డ ట్యాంకు

మా అక్క మొగుడు మిలిటరీల విమానాల మెకానిక్‌గా చేసి, పింఛనీ తీసుకొని వనపర్తికి వచ్చిండు. ఎనభైల సంగతి. బిజినేపల్లి తొవ్వల మా బీడుచేన్ల రేకుల షెడ్డు ఏసి, మూడేండ్లు కష్టపడి ఒక్క మనిషి పట్టే విమానం చేసిండు. వెల్డింగు పని నాది. పెట్రోలు ట్యాంకు మాత్రం ఆయనే చేసిండు. గాజు దారంతోని నేసిన గుడ్డ మీద ఎపాక్సీ జిగురు పూసుకుంట పొర మీద పొర అతికిచ్చిండు. ఎండినంక తడితే ఖంగుమనేది.

ఆ ఎండాకాలం బంకులల్ల పెట్రోలు దొరకలే. తెలిసిన లారీ డ్రైవరు యాడికెల్లో ఒక డ్రమ్ము తెచ్చిచ్చిండు. ట్యాంకు నింపి, గాలి తగ్గేదాక ఆగుదామని పది రోజులు ఊకున్నం.

ఒకనాడు పట్టపగలు మా అక్క సద్ది తెచ్చి షెడ్డు తలుపు కాడనే ఆగి, బయటున్న నన్ను అడిగింది.

"లోపల ఎవరున్నరు రా?"

"ఎవ్వరు లేరక్కా. బావ బాయికాడికి పోయిండు."

"మరి గా సప్పుడేంది?"

దగ్గరికి పోయి విన్న. సప్పుడు ట్యాంకులకెల్లి వస్తుంది. గోరుతోని గీకినట్టు, జర ఆగి, మళ్ల. దవాఖానల సూది ఇచ్చే ముందు రుద్దే మందు వాసన. ట్యాంకు మీద బొటనేలు పెట్టి ఒత్తిన. లోపలికి పోయింది. వేలు తీసినంక గూడ వాపొచ్చిన కాలు మీద లెక్క గుంట అట్లనే ఉండె.

బావ వచ్చి ఇంకోతాన ఒత్తి చూసిండు. అక్కడ గట్టిగనే ఉంది. "ఎండకు గట్ల అయితది తియ్" అన్నడు. నేను గట్టిగ అడ్డం చెప్పలే. అది లేస్తే చూడాలని నాకు గూడ ఆశ ఉండె.

తెల్లారి బావ ఎక్కి నడిపితే విమానం లేచింది. తాటిచెట్టంత ఎత్తుకు పోయి మలుపు తిరిగింది. అంతే, ఇంజను ఆగిపోయింది. విమానం మా నెత్తి మీదికెల్లి సప్పుడు లేకుండ పోయింది. దాని నీడ మా అక్క మొఖం మీదికెల్లి జరిగింది. బావ మా దిక్కే చూస్తుండు. కేక ఎయ్యలే, చెయ్యి ఊపలే. గట్లనే పోయి దున్నిన చేన్ల పడ్డడు.

నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకపోతే భుజం బొక్క ఇరిగిందన్నరు. పట్టీతోనే ఇంటికొచ్చి, ఒక సీసాల సగం నీళ్లు పోసి గీత పెట్టిండు. మీద ఆ డ్రమ్ముల పెట్రోలు పోసి ఊపిండు. నీళ్లు అడుగుకు తేరినంక చూస్తే గీత దాటి ఉన్నయి.

"నీళ్లు పెరిగినయి!" అన్నది మా అక్క, ఎనక్కి జరిగి.

"నీళ్లు పెరగలే. పెట్రోల్ల స్పిరిట్ కలిపిండ్రు. అది నీళ్లల్లకు దిగింది. నా జిగురును మెత్తగ చేసింది గూడ అదే."

ట్యాంకును రంపంతోని కోసినం. పొట్టు రాలలే, పాకం లెక్క రంపానికి అంటింది. లోపల గోధుమరంగు పొరలు తోలు లెక్క ఏలాడుతున్నయి. ఆనాడు గీకినట్టు వచ్చిన సప్పుడు గివి ఊడేటిదే. ఒక పొర ఊడొచ్చి, పెట్రోలు పోయే రంధ్రాన్ని మూసేసింది.

మరుసటేడు నేను రేకు ట్యాంకు చేసిచ్చిన. బావ రెండుసార్లు లేచి మంచిగనే దిగిండు. మా అక్క మాత్రం ఆ షెడ్డు దిక్కు మళ్ల రాలే. సద్ది నేనే మోసిన.